మంచు ఊరి ట్రాములు

ఇంజనీరు లాస్య పద్దెనిమిదేళ్లుగా మూసాపేటలో తన ఇంట్లోనే కూర్చుని, సముద్రాల అవతలి ఒక మంచు ఊరిలో ట్రాములు నడుపుతూ వచ్చింది. ఆ ఊరిని కళ్ల ముందుంచే కళ్లద్దాలు పెట్టుకోగానే ఫ్యాను చప్పుడు కరిగిపోయి, చుట్టూ దూదిపింజల్లా మంచు రాలేది. ఇంకా తక్కువ జీతానికి చేసేవాళ్లు దొరికారని ఇప్పుడా పని ఉగాండాలోని కంపాలాకు తరలిపోతోంది. అక్కడి నకాటో అనే అమ్మాయికి నెల రోజుల్లో లాస్యే అంతా నేర్పాలి. నకాటో తన భాషలో ఏం మాట్లాడినా ఆ కళ్లద్దాలే అనువదించి లాస్య చెవిలో తెలుగులో వినిపించేవి.

"వంతెన మలుపు సంగతి మాత్రం చెప్పకు. ఆ పిల్ల తడబడిందంటే పని మళ్లీ నీకే వస్తుంది," అన్నాడు భర్త చరిత్.

ఆఖరి రోజు పొద్దున కళ్లద్దాలు పెట్టుకుని ఇద్దరూ ఆ మంచులో పక్కపక్కనే నిలబడ్డారు. నకాటో నడుపుతున్న ట్రాము వంతెన వైపు తేలివస్తోంది. లోపల ఒక ముసలాయన కిటికీకి తల ఆన్చి కునుకు తీస్తున్నాడు. లాస్య ఇక ఉండబట్టలేకపోయింది.

"ఇక్కడ పట్టాల మీద మంచు గడ్డకడుతుంది. మలుపుకు ముందే వేగం తగ్గించెయ్యమ్మా."

నకాటో తగ్గించింది. ట్రాము మెల్లగా వంతెన దాటి తెల్లదనంలో కలిసిపోయింది.

"ఇది మీకెవరు నేర్పారక్కా?"

"ఈ మంచు ఊరాయనే, మార్టిన్ అని. నాకు ముందు ఈ పని ఆయనదే."

"తర్వాత ఆయనేం చేశారు?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న లాస్యకెన్నడూ తట్టనే లేదు.

"మరి రేపట్నుంచి మీరేం చేస్తారక్కా?" అని నెమ్మదిగా అడిగింది నకాటో.

"తెలీదమ్మా," అంది లాస్య. ఆ పిల్ల అడిగినందుకు ఆమెకు కళ్లు చెమర్చాయి. మరో ట్రాము వచ్చేదాకా ఇద్దరూ ఆ మంచులోనే కూర్చుని మాట్లాడుకున్నారు.