లోపలికి చూసే కెమెరా

"కెమెరా రోడ్డు పక్కకి తిప్పొద్దప్పా. బండి లోపలికి చూడాల."

ధర్మేంద్ర చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది.

తిరుపతి బైపాసు పక్కన కార్లకు సీటు కవర్లు, పాటల పెట్టెలు, కెమెరాలు బిగించే షాపు అతనిది. ఎన్నో బండ్లు చూశాడు గానీ, ఇలాంటి మాట ఎప్పుడూ వినలేదు.

"రివర్సు కెమెరా అంటే బండి ఎనక్కి తీసేటప్పుడు గోడో మనిషో కనపడేదానికి కదనా! లోపలేముండాది చూసేదానికి?"

పికప్పు యజమాని యాభై దాటిన బక్కపలచని మనిషి. బండి తొట్టిమీద ఇనప కమ్మీలు వంచి, నల్ల పట్ట కప్పించుకున్నాడు.

"ఆ పట్ట కింద ఉండేది నాకు కనపడాల. రివర్సులో మాత్రమే కాదు. బండి పోతాండేంత సేపూ కనపడాల."

"ఏం సరుకు తోల్తావునా?"

"సరుకు కాదులేప్పా. మనుషులు."

"యాడికి?"

"వాళ్ల వాళ్ల ఊర్లకి."

ఇంతలో అతని ఫోను మోగింది. పక్కకు వెళ్లి గొంతు తగ్గించాడు.

"ఎంతమందిమా? సరే. పెద్ద గేటు కాడ వద్దు, ఎనక గోడ పక్కకి రమ్మను. ఎవురికీ చెప్పబాకండి. నేనొస్తా."

ధర్మేంద్ర చెవులు రిక్కించాడు.

పట్ట ఎత్తి లోపలికి తొంగి చూశాడు. ఫినాయిలు వాసన గుప్పుమంది. తొట్టి అద్దంలా కడిగి ఉంది. ఒక మూల చాపలు, తాళ్లు.

శేషాచలం అడవిలో ఎర్రచందనం కొట్టే కూలీలను ఇలాంటి పట్ట బండ్లలోనే దాచి తోలుతారని పేపర్లో చదివింది గుర్తుకొచ్చింది.

మాట పైకి రానివ్వకుండా పనిలో పడ్డాడు. కమ్మీకి కెమెరా బిగించాడు. తీగను రివర్సు లైటుకు కాకుండా, తాళం తిప్పగానే డ్రైవరు ముందరి తెర వెలిగేట్టు కలిపాడు.

"ఎక్కి ఎనక కూచో తమ్ముడా, చూస్తా" అన్నాడు అతను డ్రైవరు సీట్లోంచి.

ధర్మేంద్ర ఎక్కి కూర్చున్నాడు.

"ఆ మూలకి జరుగు. ఇప్పుడు లేసి నిలబడు. తలుపు కాడికి రా. ఆ... యాడున్నా కనపడతాండావు. మంచి పని చేసినావప్పా."

అతని ముఖంలో ఎన్నాళ్ల బరువో దిగినట్టుంది.

ధర్మేంద్ర అనుమానం ఖాయమైపోయింది. కూలీలు పారిపోకుండా కాపలా!

"మంచినీళ్లు తాగి పోదువులే, ఉండనా" అని అతన్ని కూర్చోబెట్టి, షాపు వెనక్కి వెళ్లి, తెలిసిన కానిస్టేబుల్ మునిప్రసాద్‌కు ఫోను చేశాడు.

"చందనం పార్టీ మాదిరుండాదన్నా. నెంబరు రాసుకో."

పికప్పు బైపాసు దాటకముందే జీపు అడ్డం వచ్చింది.

షాపు మెట్లమీద నిలబడి ధర్మేంద్ర అంతా చూశాడు. పోలీసులు ఫోను లాక్కుంటే, అతను చేతులు జోడించి దానికోసం బతిమాలుతున్నాడు.

'ముఠావాళ్లకు చెప్పేదానికేమో' అనుకున్నాడు ధర్మేంద్ర.

ఆ వారమంతా షాపుకు వచ్చినవాళ్లందరికీ ఆ కథే చెప్పాడు. పేపరు తిరగేస్తూ తన పేరు కోసం వెతుక్కున్నాడు. పేరు లేదు.

చివరకు మునిప్రసాద్‌నే అడిగాడు.

"చందనమూ లేదు, గిందనమూ లేదబ్బా. ఏందేందో కథలు చెప్తాండాడు, ఎవురు నమ్మేది? గూడ్సు బండిలో మనుషుల్ని తోల్తానని వాడే ఒప్పుకున్న్యాడు, ఆ కేసు రాసినాం. బండీ ఫోనూ ఈడనే ఉండాయి. మనిషిని ఈరోజో రేపో వదిలేస్తాంలే."

"ఏందో ఒకటి దొరికింది కదా" అనుకున్నాడు ధర్మేంద్ర.

ఆ సాయంత్రం పక్క టీ అంగడి తెరుచుకుంది. దాన్ని నడిపే మునెమ్మ, భర్త చిన్నబ్బను ఆసుపత్రిలో చేర్చినప్పటినుంచీ అంగడి తియ్యలేదు.

టీ గ్లాసు తెచ్చిన మునెమ్మ నుదుటన బొట్టు లేదు.

"అక్కా! ఎప్పుడు?"

"నాలుగు నాళ్లయింది నాయనా."

"ఒక మాట చెప్పకూడదా? ఊరికి ఎట్ల తీసకపోతిరి?"

మునెమ్మ మెట్టుమీద కూలబడింది.

"బస్సులో."

"బస్సులోనా?"

"కార్వేటినగరం అవతల గదా మా ఊరు. బండ్లోళ్లు అడిగే బాడిగ మాతో యాడయితాది? నేనూ మా మరిదీ చెరొక పక్క పట్టుకోని, కడా సీట్లో కూచోబెట్టుకున్నాం. కండక్టరుకు నిద్రబోతాండాడని చెప్పినాం. ఆయప్ప తల నా బుజంమింద పెట్టుకోని... ఏడిస్తే దించేస్తారని, ఊరొచ్చేదాకా నోట్లో కొంగు కుక్కోని కూచున్నా నాయనా."

ధర్మేంద్ర గ్లాసు కింద పెట్టి ఆమె పక్కన కూర్చున్నాడు.

"ఆసుపత్రి కాడ నర్సమ్మ ఒక నెంబరిచ్చింది. దామోదరమంట. నా మాదిరి దిక్కులేనోళ్ల శవాలను పైసా తీసుకోకుండా ఊరు చేరుస్తాడంట. చేస్తానే ఉంటిమి. ఫోను ఎత్తల్యా."

"ఏమైందంట?"

"పోలీసోళ్లు పట్టకపోయినారంట. శవాల బండి అంటే ఎవురూ దెగ్గిరికి రానీరని, ఆయప్ప యాడా చెప్పుకోడంట."

ధర్మేంద్ర చూపు బైపాసు మీద ఆనాడు జీపు అడ్డం వచ్చిన చోటికి పోయింది. మునెమ్మ అది గమనించలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"పోయిన నెల ఎవురో తల్లి, బిడ్డ శవాన్ని ఒళ్లో పెట్టుకోని పోతా పోతా ఆయప్ప బండి ఎనకనుంచి దూకేసిందంట నాయనా. ముందర తోలేవాడికి ఎట్ల తెలస్తాది? ఇంగ ఎవురూ అట్ల సావకూడదని, ఎనక కూచున్నోళ్లను చూసుకుంటా తోలేదానికి ఏందో కెమెరా బిగించుకోనొస్తానని పోయినాడంట, ఆ పోయిన మనిషి మళ్లీ రాలేదంట."