ఎంగిలి పెన్సిల్

"దీన్ని నోట్లో పెట్టుకుంటున్నది ఎవరు?"

కోడలు పెన్సిల్‌ని రెండు వేళ్ళ కొసలతో, చచ్చిన బల్లిని తోక పట్టుకుని ఎత్తినట్టు ఎత్తి చూపించింది. వెనక కొస నిండా పంటిగాట్లు. రంగు ఊడి, చెక్క నాని, పీచులు లేచి ఉంది. నిన్న అందరూ లేచి వెళ్ళాక బల్ల తుడుస్తుంటే ఆ కొస ఇంకా తడిగానే చేతికి తగిలింది.

భోజనాల బల్ల దగ్గర కూర్చున్న ముగ్గురూ పేపర్లోంచి తలలెత్తారు. ఆ ఇంట్లో రోజూ పొద్దున పేపర్లో వచ్చే పదాల నిచ్చెనని అందరూ కలిసి ఎక్కుతారు. మొదటి మాటా చివరి మాటా పేపరువాళ్ళే ఇస్తారు. మెట్టుకి ఒక్క అక్షరం చొప్పున మార్చుకుంటూ ఒకదాన్నించి రెండోదానికి చేరాలి. మనిషికో మెట్టు, అందరికీ ఒకటే పెన్సిల్. ఎక్కడికీ పోకుండా దాన్ని దారంతో బల్ల కాలికి కట్టేశారు. ముందు మామగారు, తర్వాత ఆయన కొడుకు, ఆ తర్వాత మనవరాలు. స్టవ్ కట్టేసి వచ్చాక మిగిలిన మెట్టు కోడలిది. ఏడో తరగతితో బడి మానేసిన మనిషి. డిగ్రీ చదివే కూతురికి తట్టని మాట తనకి తట్టిందంటే ఆ పూటంతా ఆవిడ కాళ్ళు నేల మీద ఆనవు.

"నేను కాదమ్మా. కొరకడానికి నాకు పళ్ళేవీ?" అన్నారు మామగారు బోసినోటితో. ఆయన పళ్ళసెట్టు పక్కనే గ్లాసు నీళ్ళలో నానుతోంది. దాన్ని అన్నం తినే బల్ల మీద పెట్టొద్దని చెప్పీ చెప్పీ ఆవిడ నోరు నొప్పెట్టింది. ఎవరూ చూడకుండా పెట్టుకుని, కొరికేసి, మళ్ళీ నీళ్ళలో పడేస్తున్నారేమో. ఎవరికి తెలుసు?

కూతురు తన వేళ్ళ గోళ్ళు చూపించి, గోళ్ళే కొరకని దాన్ని పెన్సిల్ కొరుకుతానా అంది.

"నేను చెవిలో పెట్టుకుంటాను గానీ నోట్లో పెట్టుకోను," అన్నాడు మొగుడు, అదేదో గొప్ప గుణమైనట్టు.

"ఛీ. చెవిలోనా?"

"మరి దురద పుడితే?"

ఆవిడకి ఒళ్ళంతా తేళ్ళూ జెర్రులూ పాకినట్టయింది. ఆ గులిమి పెన్సిల్ ఇంకొకరి నోట్లోకి. అక్కణ్ణించి రోగం. సరిగ్గా పరీక్షల ముందు పిల్లకి జ్వరం, ఆస్పత్రి, చేతికి సూది, పైన వేలాడే సీసా. అంతా కళ్ళకి కట్టేసింది.

అప్పటికప్పుడు తీర్పు చెప్పేసింది. దొంగెవరో తేలాల్సిందే. దొరికినవాళ్ళు ఇక ఆ పెన్సిల్ ముట్టుకోకూడదు, నిచ్చెన వంక కన్నెత్తి చూడకూడదు. వాళ్ళ మెట్టు కూడా తనే రాస్తుంది.

"పోనిద్దూ అమ్మా, ఇంట్లోవాళ్ళ ఎంగిలేగా," అన్నారు మామగారు. "తెలుసుకుని మాత్రం ఏం చేస్తావు?"

దొరికారు అనుకుంది ఆవిడ. తప్పు లేనివాళ్ళకి ఇంత శాంతం ఎక్కడిది?

పెన్సిల్‌ని దారం విప్పి, సబ్బునీళ్ళలో కడిగి, వేణ్ణీళ్ళు పోసి, ఎండబెట్టింది. మందుల షాపుకెళ్ళి, చంటిపిల్లలు వేలు చప్పరించకుండా పూసే చేదు మందు తెచ్చింది. రంగూ లేదు, వాసనా లేదు. పసిపిల్లలకే ఏమీ కాదు, పెద్దవాళ్ళకేమవుతుందమ్మా అన్నాడు షాపతను. అయినా ముసలాయన గుండె ఆగిపోతే ఎలాగని ఇంటికొచ్చేదాకా హడలిపోతూనే ఉంది. మర్నాడు పొద్దున పెన్సిల్ కొసకి రెండు పూతలు పూసింది. విరుగుడుగా ఒక గ్లాసుతో మంచినీళ్ళూ, ఒక గిన్నెలో పంచదారా బల్ల మీద పెట్టి, వంటింటి గుమ్మంలో కాపలా నిలబడింది.

ఆ రోజు పడవ నించి మమతకి చేరాలి. మామగారు పడక అని రాశారు. ఆవిడ ఆయన పెదాల మీంచి చూపు తిప్పలేదు. మొగుడు నడక అని రాసి, పెన్సిల్‌తో చెవి వెనక గీరుకున్నాడు. ఆవిడ మొహం తిప్పేసుకుంది. కూతురు కిందనించి వస్తానని మమతకి పైన మడత అని రాసింది.

ఒక్కరి మొహమూ మారలేదు. ఎవరో పసిగట్టేశారన్నమాట.

నడకకీ మడతకీ మధ్య ఒక్క మెట్టు ఖాళీ. ఇది నీదే అమ్మా అని కూతురు పేపరు ఇటు తోసింది. ఆవిడ పెన్సిల్‌ని చేతిగుడ్డతో చుట్టి పట్టుకుని కూర్చుంది. నడక. మడత. ఏం మాటబ్బా? నడక. మడత. చేతిగుడ్డ ఎప్పుడో ఒళ్ళోకి జారిపోయింది. ఒకరు పళ్ళు నానేస్తారు, ఒకరు చెవి కెలుకుతారు. ఛీ, ఈ కొంపలో ఒక్కరికైనా శుభ్రమైన నడత...

నడత. తట్టింది.

పైకి చెబుదామంటే నాలుక తిరగలేదు. చేదు. అంగిలి నించి గొంతులోకి దిగుతున్న చేదు. కళ్ళ నిండా నీళ్ళు. ఆ నీళ్ళలోంచి చూస్తే, ముగ్గురూ పేపరు మానేసి ఆవిడ నోటి వంకే చూస్తున్నారు.

మామగారు మంచినీళ్ళ గ్లాసు ఆవిడ ముందుకి జరిపారు.

"ఇది నా పళ్ళ గ్లాసు కాదులేమ్మా. తాగి, నీ మెట్టు నువ్వే రాసుకో."