ఊరి ముందు ఓడ

తిమింగలాలను, డాల్ఫిన్లను లెక్కించడానికి వచ్చిన పొగ ఓడలో, వాటిని కనిపెట్టి చెప్పడం ఎర్రయ్య పని. ఆ పొద్దున డాల్ఫిన్ల గుంపు వెంటపడిన ఓడ వజ్రపుకొత్తూరు దాటి, సరిగ్గా అతని పల్లె ముందుకొచ్చింది.

ఒడ్డున జనం గుమిగూడి తువ్వాళ్లు ఊపుతున్నారు.

"సరంగు మావా, మా ఊరోళ్లు! నా పోలమ్మకి నెలలు నిండీసినాయి. బిడ్డ పుట్టినట్టుంది, అందుకే పిలుత్తన్నారు!" ఓడ నడిపే సరంగుతో అంటూ, ఎర్రయ్య నవ్వుతూ తలపాగా విప్పి ఊపాడు.

ఇంతలో జనం పక్కకు జరిగారు. నలుగురి భుజాల మీద పాడె. దాని మీద పోలమ్మ ఎర్రచీర.

ఎర్రయ్య నీళ్లలోకి దూకబోయాడు. సరంగు ఒడిసి పట్టుకున్నాడు.

"ఓడని ఒక్కపాలి ఒడ్డుకి తిప్పు మావా!"

"ముందరన్నీ రాళ్లేరా. ఈ కెరటాలకి పడవ దించినా ఒక్కడూ బతకడు. నన్నేటి సెయ్యమంతావు?" సరంగు పట్టు వదల్లేదు.

డాల్ఫిన్లు నడిసంద్రం వైపు మళ్లాయి. వాటి వెనకే ఓడా మళ్లింది.

ఎర్రయ్య కమ్మీ పట్టుకుని చూస్తూనే ఉన్నాడు. అతను దిగి వస్తాడనుకున్నారు కాబోలు, ఒడ్డున వాళ్లు పాడెను ఇసుక మీదకు దించి, సముద్రం వైపు తిరిగి కూర్చున్నారు.