సీసాలో పొర

సీసాలో పొర పల్చబడుతోంది.

ఆమె సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి మళ్ళీ చూసింది. అనుమానం లేదు. అంచులు పీచులు లేచాయి. మధ్యలో సూది బెజ్జమంత కన్నం. కాస్త కదిపితే ముక్కలయ్యేట్టుంది.

రొయ్య పెంకుల్లోంచి తీసిన పదార్థానికి సముద్రపు నాచు జిగురు కలిపి ఆ పొరను తయారు చేసింది ఆమే. గాజు పలక మీద పోసి, ఆరబెట్టి, ఉల్లిపొరలా ఒలిచి తీసింది. ఆపరేషన్‌లో పేగును కుట్టాక ఆ కుట్ల మీద దాన్ని అతికిస్తారు. గాయం మానేదాకా అది గట్టిగా ఉండాలి. మానాక తనంతట తానే కరిగి ఒంట్లో కలిసిపోవాలి.

ముందు చేసిన పొరలన్నీ ఒంటి వేడిలో ఉంచిన ఉప్పునీళ్ళలో బాగానే నిలిచాయి. ఈ విడతే ఎందుకో మొరాయించింది. తొందరపడి కరుగుతోంది.

ఒక్క సీసాతో పోయేదైతే ఆమె ఇంత కంగారు పడేది కాదు. అదే పలక మీంచి తీసిన మిగతా ముక్క ఒక మనిషి కడుపులో ఉంది.

అతనెవరో ల్యాబులో ఎవరికీ తెలియదు. తెలియకూడదన్నది నియమం. ప్రయోగానికి ఒప్పుకున్న మొదటి మనిషి అని మాత్రం తెలుసు.

ఆమె సీసా పట్టుకుని ల్యాబు పెద్దాయన గదిలోకి పరిగెత్తింది. ఆయన్ని వెనకాల అందరూ చండశాసనుడు అంటారు. కూతురి పురుడని చెప్పి పెట్టిన నెల సెలవు అయిపోయి ఈమధ్యే వచ్చాడు. మనవరాలు పుట్టాక మెత్తబడ్డాడని అందరూ గుసగుసలాడుకుంటున్నారు.

“సార్, వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు చెప్పాలి. ఆ మనిషిని పిలిపించి కడుపు తెరిచి చూడాలి.”

ఆయన సీసాను అటూ ఇటూ తిప్పాడు. “నీళ్ళ వేడి సరిగ్గానే ఉందా?”

“ఉంది సార్.”

“అయితే ఇంకో సీసా పెట్టు.”

“అది తేలేలోపు అక్కడ కుట్లు వదిలితే? పేగు కారితే ఒళ్ళంతా విషమైపోతుంది!”

“గాభరా పడకు. సీసా వేరు, ఒళ్ళు వేరు. ఇప్పుడు కోసి తీసేస్తే, అది ఒంట్లో ఎంతకాలం నిలుస్తుందో ఎప్పటికీ తెలియదు.”

“తెలియకపోతే పోయింది! మనిషి పోతే?”

“అన్నీ తెలిసే ఒప్పుకున్నాడు ఆ మనిషి.”

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. “మీ తమ్ముడి కడుపులో ఉన్నా ఇలాగే అంటారా సార్?”

గది బయట పనిచేసుకుంటున్న వాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఆయన మాత్రం నవ్వాడు.

“మా తమ్ముడా? వాడికి ఇంజెక్షన్ సూది చూస్తేనే కళ్ళు తిరుగుతాయి. వెళ్ళి పని చూసుకో.”

ఇంటికి వెళ్ళేటప్పుడు బస్సులో ఎవరు కడుపు మీద చెయ్యి వేసుకున్నా ఆమె గుండె గుభేలుమంది. కంచం ముందు కూర్చుంది గానీ ముద్ద దిగలేదు.

“ఏమైంది? చండశాసనుడు మళ్ళీ చిందులు తొక్కాడా?” అన్నాడు భర్త.

“తొక్కినా బాగుండేది. నవ్వాడు.” జరిగిందంతా చెప్పింది. “ఎవరి తండ్రో, ఎవరి మొగుడో. నేను చేసిన పొరను నమ్ముకుని తిరుగుతున్నాడు.”

“రిటైరయ్యేలోపు పేరు కొట్టెయ్యాలని చూస్తున్నాడు మీ సారు. తేడా వస్తే నీ నెత్తిన రుద్దుతాడు, చూస్తూ ఉండు.”

“నా నెత్తిన రుద్దితే రుద్దనీ. ఆ మనిషి బతకాలి కదా.”

భర్త ఆమె ముందున్న కంచం తీసేస్తూ, “అయితే నువ్వే వెళ్ళి చెప్పు. ఉద్యోగం పోతే పోయింది” అన్నాడు.

మర్నాడు ఆమె ల్యాబుకు వెళ్ళేసరికి చండశాసనుడి గది ఖాళీగా ఉంది. ఏదో మీటింగుకు వెళ్ళారన్నారు. ఇదే అదననుకుంది. సీసాను గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరింది.

డాక్టరమ్మ సీసా చూసి నిట్టూర్చింది.

“ఆయన పొద్దున్నే జ్వరంతో వచ్చి చేరాడు. తెరిచి చూద్దామంటే ససేమిరా అంటున్నాడు. ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటాడట.”

ఆమె గోడకు ఆనుకుంది. “ఇంట్లో వాళ్ళేమంటున్నారు?”

“వాళ్ళకు పొర సంగతే చెప్పలేదు. మామూలు ఆపరేషన్ అనుకుంటున్నారు.” డాక్టరమ్మ గొంతు తగ్గించింది. “మీరొకసారి చెప్పి చూడండి. చేసిన మనిషి చెబితే వింటాడేమో.”

“నేను ఆయన్ని చూడకూడదు కదండీ?”

“ప్రాణం కంటే నియమం ఎక్కువా? పదండి.”

వరండా పొడుగునా ఆమె మాటలు కూడబలుక్కుంటూనే ఉంది. తప్పు నాదేనండీ. మీకు దండం పెడతాను, ఒప్పుకోండి. మీ పిల్లల మొహం చూసైనా ఒప్పుకోండి. అవసరమైతే కాళ్ళు పట్టుకుందామనుకుంది.

చివరి గది ముందు డాక్టరమ్మ ఆగి, వెళ్ళమన్నట్టు తలూపింది. ఆమె కళ్ళు తుడుచుకుని తలుపు తోసింది.

మంచం మీద రెండు చేతులతో కడుపు అదిమి పట్టుకుని పడుకున్న చండశాసనుడు తల తిప్పి చూసి, “పనివేళల్లో నీకిక్కడేం పని?” అన్నాడు.