ఎండకు నిలిచిన పువ్వులు

"లైట్లు తీసెయ్ లిదియా, చూద్దాం" అన్నాడు చంద్రమౌళి సారు.

హనుమకొండ కాలేజీ ల్యాబ్ చీకటైంది. నీలి దీపం కింద రెండు పసుపు ప్లాస్టిక్ పూరేకులు. రెంటికీ ఒకటే మందు పట్టించారు. ఎండ ప్లాస్టిక్‌ను తినేసిన చోటల్లా, కంటికి తేడా తెలియకముందే, ఆ మందు వెలుగుతుంది. ఏడాదిగా కాలేజీ మేడ మీద ఎండిన రేకు మిణుగురులా మెరిసింది. లిదియా తెచ్చిన రేకు మాత్రం ఉలకలేదు, పలకలేదు.

"ఇది కొత్త పువ్వు గదమ్మా!"

"కాద్సార్. మా అమ్మ సమాధి మీదిది. పోయినేడు అమ్మను మట్టిల పెట్టిననాడు నేనే పెట్టిన. ఎండాకాలమంత ఆడనే ఉన్నది."

అమ్మ కుట్టుమిషన్ మీది ఎర్రదారంతోనే లిదియా ఆ గుత్తి కాడలు కట్టి మట్టిలో గుచ్చింది. నిన్న సమాధుల పండుగకు వెళ్లి, కొత్త గుత్తి పెట్టి, పాతదాన్ని మట్టిపెళ్లతో సహా పెకిలించి తెచ్చుకుంది. ఏడాదైనా రంగు దిగలేదని మురిసిపోయింది కూడా.

"ఎవరన్న మార్చిన్రేమో?"

"ఎవరున్నరు సార్? మా అన్న ఒక్కడే. ఆయన ఆ దిక్కు మర్లి సూడలే."

అన్న యోసేపు ఆటో నడుపుతాడు. ఇంట్లో ఏది ఊడినా పాత క్లచ్ వైరుతో బిగించేసేవాడు. ఆఖరికి అమ్మ కళ్లద్దాలకూ అదే వైద్యం. ఆమె తిట్టుకుంటూనే పెట్టుకునేది. హైదరాబాద్ దవాఖానకు తీసుకుపోతే అమ్మ బతికేదని సమాధి దగ్గరే, పదిమందిలో, లిదియా అన్న మీద నోరు పారేసుకుంది. ప్రార్థన అయిపోకముందే వెళ్లిపోయిన మనిషి మళ్లీ మాట్లాడలేదు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. రోడ్డు మీద ఏ ఆటో హారన్ విన్నా ఆమె తల అటే తిరుగుతుంది. "చెల్లే" అన్న ఒక్క పిలుపు కోసం ప్రాణం కొట్టుకుంటుంది.

"ఫికర్ చెయ్యకు. రేకుకు మందు సరిగ్గ అంటలేదేమో. జర కాడ కూడ కడిగి ముంచు" అన్నాడు సారు.

లిదియా గుత్తిని నల్లా కింద పట్టింది. ఎండిన మట్టి మెల్లగా కరిగి జారిపోయింది. వేలికి ఏదో చురుక్కున గుచ్చుకుంది. లైటు వేసి చూసింది.

కాడలకు చుట్టి ఉన్నది ఎర్రదారం కాదు, క్లచ్ వైరు.