రెండు వాటాల లేతు

"పెద్దోడు చూస్తే కోపానికొస్తడు బిడ్డా. కోపంల ఏమన్నా అయితే ఎట్ల?" అంది కిష్టవ్వ, గొంతు తగ్గించి.

రేకుల షెడ్డులో చిన్నకొడుకు సంపత్ తలెత్తలేదు. ఇనుము చెక్కే లేతు మిషన్‌కు పట్టిన తుప్పును కిరోసిన్ గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు.

అది వాళ్ల బాపు రాజం మిషన్. మూతపడిన మిల్లులో పాతసామాను కింద కొని, మంచిర్యాలలో ఇంటి వెనకే పెట్టుకున్నాడు. దాని మీదే కొడుకులిద్దరికీ పని నేర్పాడు. ఆయన పోయాక పెద్దమనుషులు వాటాలు వేశారు. మిషన్ సంపత్‌కు వచ్చింది. ఇనుప ముక్కను పట్టుకుని తిప్పే చక్కు పెద్దకొడుకు రాంచందర్‌కు పోయింది.

చక్కు లేని మిషన్ ఉత్త ఇనుము. మిషన్ లేని చక్కు తలుపుకు అడ్డం పెట్టుకునే బరువు. నాది నీకెందుకియ్యాలని ఒకరు, నిన్నెందుకడగాలని ఒకరు. ఆనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. ఎదురుపడితే సందు మారేవారు.

ఇద్దరూ మాట్లాడుకుంటే వేములవాడ రాజన్న గుళ్లో కోడెను కడతానని కిష్టవ్వ మొక్కుకుంది. రాజన్న ఇంకా వినలేదు.

పొద్దున సంపత్ అన్న ఇంటికి పోయి చక్కు తెచ్చాడు. వదిన పద్మలత అడ్డు చెప్పలేదట. తనే తీసిచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికి పోయిందట.

కిష్టవ్వకు అన్నీ భయాలే. కరెంటు కొడుతుందేమో. బెల్టులో వేళ్లు పడతాయేమో. అన్నిటికంటే పెద్ద భయం పెద్దోడి కోపం. తన పానా ముట్టుకున్నందుకే చిన్నప్పుడు తమ్ముడి చెంప వాయించినవాడు.

"మీ బాపు ఉంటే ఇద్దర్నీ గీ మిషన్‌కే కట్టేస్తుండె. ఇచ్చెయ్ బిడ్డా. వాని సంగతి నీకెర్క లేదా?"

"ఎర్కనే. వాని వస్తువ ముడితే ఊకునేటోడు కాదు."

"మరెందుకు ముట్టినవ్?"

"తిట్టాలె అవ్వా. నోరారా తిట్టాలె. నాకు గదే కావాలె."

కిష్టవ్వ కళ్లొత్తుకుంది.

సంపత్ చక్కును ఎత్తి బోల్టులు బిగించాడు. బెల్టు ఎక్కించాడు. నూనె చుక్కలు పోసి స్విచ్ వేశాడు. మిషన్ దగ్గింది, ఆగింది, మళ్లీ అందుకుంది. రాజం ఉన్నప్పటి చప్పుడే.

"చూడు, నీ చక్కు నా మిషన్‌కు ఎక్కిచ్చిన," అని సంపత్ గొంతు చించుకున్నాడు. "ఏం జేస్తవో జెయ్యి."

మిషన్ ఆపాడు. చెవి రిక్కించాడు. కిష్టవ్వ గుంజ పట్టుకుని నిలబడింది. "జెయ్యి మరి," అన్నాడు సంపత్ మళ్లీ.

చాలాసేపటికి, "ఎవర్ని... అడిగి... ముట్టినవ్ రా," అన్నాడు, పొద్దున చక్కుతో పాటే తమ్ముడు ఎత్తుకొచ్చి షెడ్డు పక్క మంచంలో పడుకోబెట్టిన, పక్షవాతానికి నోరు పడిపోయిన నాటి నుంచి ఒక్క మాటా లేని రాంచందర్.