ఇంట్లోకి తెచ్చే ముందు

యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని. ఒత్తులు తప్పినచోట సర్దుకుని చదవండి. చెయ్యి నిదానం, ఈ ఒక్క పేజీకి నాలుగు రోజులు పట్టింది.

“ఇంకో పెళ్ళే. అనుమానమే లేదు,” అంది ఆమ్నా, సందు మొదట్లో కారు ఆపుతూ.

సాయంత్రపు అసర్ నమాజు అయిపోయి పావుగంట. సందు చివర పసుపు తలుపు ఇల్లు. లుల్వా మొగుడు జుమా నెల రోజులుగా ఈ వేళకు ఆ ఇంట్లో దూరుతున్నాడు. పొద్దుగూకి మగ్రిబ్ అజా వినబడ్డాకే బయటికొస్తున్నాడు.

“తొందరపడొద్దక్కా. దోస్తులెవరైనా ఉంటారేమో.”

ఎదురింటి ఆమ్నా లుల్వాకు పెద్దదిక్కు. మాట మాత్రం మిరపకాయ.

“దోస్తుల కోసం ఊదు పొగ వేస్తారా మే? చూడు, కిటికీలోంచి ఎట్లా వస్తోందో! పెళ్ళోళ్ళు తప్ప ఈ ముహర్రఖ్ ఊళ్ళో దినామూ అంత ఊదు ఎవురు తగలేస్తారు? మగోడు పూటపూటకీ పొగ పట్టించుకుంటే దానికి ఒకటే అర్థం. నేనొకసారి చూసినా. పన్నెండేళ్ళయినా ఆ వాసన నా ముక్కులోనే ఉంది.”

లుల్వా కిటికీ వైపు తిరిగి తలమీది ముసుగు సర్దుకుంది.

సాక్ష్యం ఒకటి కాదు. మొదట జుమా జేబులో కొత్త పళ్ళ బ్రష్ దొరికింది, అదీ గులాబీ రంగుది. తర్వాత కారు డిక్కీలో నల్ల పరదా గుడ్డ. మొన్న శుక్రవారం ఫోనులో గుసగుసలాడుతుంటే లుల్వా తలుపు చాటునుంచి వింది.

“ప్రాణమున్నది కదా, జాగ్రత్తగా చూసుకోవాల. చానా దూరంనుంచి వచ్చింది. కొన్నాళ్ళు చీకట్లోనే ఉంచుతా. దినామూ నేనే రుద్ది కడుగుతుండా. బాగా కుదురుకున్నాక ఇంట్లోకి తెచ్చేస్తా. మా ఆడోళ్ళకు మాత్రం అప్పుడే చెప్పొద్దు.”

ఆ మాటలు లుల్వా నోట విన్నప్పుడే ఆమ్నా మెటికలు విరిచింది. “దూరంనుంచి వచ్చిందంటనా? చీకట్లో దాచినాడా? నీళ్ళు కూడా ఆ మనిషే పోస్తుండాడా! ఛీ, గడ్డం నెరిసినా సిగ్గు రాలేదు!”

“నిన్న మీ ఇంటికన్నా వచ్చినాడాక్కా?”

“వచ్చినాడు. ఒక గ్లాసు టీ తాగి లేచిపోయినాడు. కాలు నిలిస్తే గదా! ఇంక పో నువ్వు. నా మోకాళ్ళు ఆ మెట్లు ఎక్కలేవు. దాని మొఖం చూసి రా. నువ్వు అరిచినావంటే నేను హారన్ కొడతా.”

పసుపు తలుపుకు గడియ లేదు. లుల్వా చెప్పులు చేత పట్టుకుని లోపలికి నడిచింది. గదినిండా ఊదు పొగ. దాని అడుగున ఇంకేదో కంపు. మురిగిన గుడ్లూ, ఎండలో మరిచిపోయిన రొయ్యలూ కలిసినట్టు.

స్నానాలగది వాకిలికి నల్ల పరదా. లోపల జుమా గొంతు, తేనె పూసినట్టు.

“ఈరోజు ఎంత ఎర్రబడినావే! కొంచెం ఇటు తిరుగు. ఆఁ... వీపు రుద్దుతా.”

లుల్వా పరదా పీకి పారేసింది.

తొట్టి నిండా నీళ్ళు. నీళ్ళలో రాళ్ళు. జుమా మోకాళ్ళ మీద కూర్చుని గులాబీ బ్రష్‌తో ఒక రాయి వీపు రుద్దుతున్నాడు.

“ఏదీ అది?”

“ఏది?”

“అదే! ఎర్రబడింది!”

జుమా రాయి ఎత్తి చూపించాడు. దాని మీద గులాబీ మచ్చలు. ఒక బొక్కలోంచి వేలిగోరంత పీత తొంగిచూసింది. లుల్వా మొఖం చూసి మళ్ళీ లోపలికి పోయింది.

“ప్రాణమున్న రాళ్ళు లుల్వా. సముద్రపు చేపల తొట్టిలో పెట్టడానికి. ఎక్కడి దీవులనుంచో పెట్టెల్లో వచ్చినాయి. వీటి మీద బతికేవి దారిలో సగం చచ్చుంటాయి. నాచు పట్టకుండా చీకట్లో పెట్టి, ఆ కుళ్ళంతా గీకి, ఉప్పునీళ్ళు మార్చి మార్చి, కంపు పోయినాకనే చేపల్లో పెట్టాల. ముందే పెడితే చేపలన్నీ చస్తాయి. ఈ కంపు ఇంట్లో పెడితే మీరు నన్ను బతకనిస్తారా? అందుకే మా మామ ఖాళీ ఇల్లు అడిగినా.”

“మరి ఆ ఊదు?”

“పక్కింటోళ్ళు ముక్కు మూసుకుని కొట్లాటకు వచ్చినారు మరి!”

లుల్వా తొట్టి గట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళొచ్చాయి. ఆ సంతోషంలో తనూ ఒక చెయ్యి వేద్దామని కుళాయి గొట్టం అందుకుంది.

“మంచినీళ్ళా! చస్తాయే తల్లీ!” అంటూ జుమా రాళ్ళకు అడ్డం దూకాడు. దూకినవాడు దూకినట్టే తొట్టిలో పడ్డాడు, ఇస్త్రీ చేసిన తెల్లని తోబు అంగీతో సహా.

లుల్వా చెప్పులు అక్కడే వదిలేసి సందులో పరుగు తీసింది. కారు తలుపు తెరిచేసరికి ఆమ్నా ముక్కు మూసుకుంది.

“ఏం కంపు మే ఇది! చూసినావా? ఎట్లుంది?”

“ఎర్రగుందక్కా! ఒళ్ళంతా బొక్కలు!”

“ఆఁ?”

“రాళ్ళక్కా! ఉత్త రాళ్ళు! చేపల తొట్టిలో పెట్టే రాళ్ళు! బ్రష్‌తో వీపు రుద్దుతుండాడు!”

ఆమ్నా నోరు తెరిచింది, మూసింది. తర్వాత స్టీరింగ్ మీద తల వాల్చి విరగబడి నవ్వింది. నుదురు తగిలి హారన్ సందంతా మోగింది. గోడ మీది పావురాలన్నీ లేచిపోయాయి.

నవ్వు ఆగాక కళ్ళు తుడుచుకుని, ఆ కంపుతోనే లుల్వాను గట్టిగా వాటేసుకుని అంది ఆమ్నా: “ఆ మనిషి నిన్ను పెళ్ళాడి తెచ్చిననాడు నేనొక్కదాన్నే ఏడ్చినా, ఈసారి ఇద్దరం కలిసి ఏడవాల్సొస్తుందేమో అని హడలి చస్తి గదే, సవతీ!”

షేక్ మస్తాన్‌బీ, 67 ఏళ్ళు, ఇప్పుడు ఉండేది రాయచోటి